దీవి నుంచి రెండు మనవులు

"మీ ఇల్లెక్కడ?" అని వంతెన దగ్గర పోలీసు అడిగితే మేమిద్దరం ఒకేసారి "ఇక్కడే" అన్నాం. ఆయన నమ్మలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు. మా కారు వెనక ఇంకా మిషిగన్ నంబర్ ప్లేటే ఉంది. దీవికి బయటివాళ్లను రానివ్వడం ఆపేసి నాలుగు రోజులే అయింది. చివరికి కరెంటు బిల్లు చూపిస్తే రోడ్డుకి అడ్డంగా పెట్టిన కర్ర పైకెత్తి వదిలాడు. మా ఆయన బీపీ మాత్రల కోసం అవతలి ఊరికి వెళ్లినందుకు ఇంత విచారణ. "ఇక్కడే" అన్న మాట నా నోటికి ఎలా వచ్చిందో నాకే అర్థం కాలేదు.

పెలికన్ కీ అనే ఈ దీవి ఫ్లోరిడా దక్షిణాన ఉంది. జనం వారం రోజులు వచ్చి, ఒళ్లు ఎర్రగా కాల్చుకుని పోయే చోటు. మేం మాత్రం ఉండిపోవడానికి వచ్చాం. మా ఆయన దైవాశీర్వాదం డెట్రాయిట్‌లో ఒక కార్ల కంపెనీలో ముప్పై ఏళ్లు బ్రేకులు తయారుచేశారు. రిటైరయ్యాక మాత్రం ఆయనకు బ్రేకు పడలేదు. డెట్రాయిట్ పక్కనే ట్రాయ్‌లో ఉన్న మా ఇల్లు అమ్మకానికి పెట్టి, ఇక్కడ కాండో అనే రెండు గదుల ఫ్లాటు కొన్నారు. నేను నర్సుగా రిటైరయిన నెలకే సామాన్లు కట్టాం.

ఈయనకు దీవి మీద ఇంత మోజు ఎప్పుడు పుట్టిందో నాకు తెలియదు. మూడేళ్ల క్రితం సెలవులకు వచ్చినప్పుడు ఇసుకలో చెప్పులు విడిచి నిలబడి, "ఎంత బాగుందో, ఇక్కడే ఉండిపోవచ్చు" అన్నాను. ఎవరింటికి వెళ్లినా "మీ కర్టెన్లు బాగున్నాయి" అంటాం కదా, అలాంటి మాట అది. ఆ సాయంత్రమే ఈయన కాండో అమ్మేవాడితో గంటసేపు మాట్లాడుతుంటే, పాపం, మంచులో మోకాళ్లు నొప్పి పుట్టి మనసుపడ్డారు అనుకున్నాను. భర్త మనసుపడ్డప్పుడు అడ్డం చెప్పడమెందుకని ఊరుకున్నాను.

వచ్చిన నాలుగో నెలలో కరోనాతో లోకమంతా తలుపులు వేసుకుంది. హోటళ్లు చీకటిగా ఉన్నాయి. బీచ్ చుట్టూ పసుపు రిబ్బను కట్టారు. సముద్రాన్ని బాల్కనీలోంచి చూడాలి తప్ప కాలు పెట్టకూడదు. మా బిల్డింగులో మిగిలినవాళ్లంతా మాలాంటి ముసలివాళ్లే. సాయంత్రం ఐదైతే బాల్కనీల్లోకి వచ్చి ఒకరికొకరు వైను గ్లాసులు ఎత్తి చూపించుకుంటారు. మా ఆయన మజ్జిగ గ్లాసు ఎత్తేవారు. మాస్కు అక్కర్లేదని టీవీలో ఒక రోజు చెప్పారు. మర్నాడు ఉండాలన్నారు. నర్సునని అందరూ నన్నే అడిగేవారు. నాకేం తెలుసు? నేను అరటిపళ్లను సబ్బుతో కడుగుతున్నాను.

నిజానికి ఆ రోజుల్లో నాకు ఒకటే కావాలి. ట్రాయ్ వెళ్లిపోవాలి. అక్కడి ఇల్లు, ఆ వంటింటి కిటికీ, ఆదివారం మా తెలుగు క్రైస్తవ సంఘం, ఆరాధన అయ్యాక బిర్యానీ. ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు కాబట్టి దారి ఇంకా మూసుకుపోలేదని రోజూ రాత్రి లెక్క వేసుకునేదాన్ని. కానీ ఈయన మొహం చూస్తే నోరు రాదు. రోజూ పొద్దున్నే బాల్కనీలో నిలబడి, "విమలా, సముద్రం చూశావా?" అని పిలుస్తారు. చూశానంటాను. ఎన్నిసార్లు చూస్తాం?

ఒక మాట చెప్పాలి. మా సంఘంలో ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు ప్రార్థన గ్రూపుకి చేరుతుంది. మోకాలి నొప్పి, వీసా స్టాంపింగ్, పిల్లల మార్కులు, కట్టుకున్నవాడికి చెప్పుకోలేనివి కూడా. ప్రిస్సిల్లా అనే అమ్మాయి శనివారం అందరి మనవులూ వాట్సాప్‌లో తీసుకుంటుంది, ఆదివారం ఆరాధనలో చదువుతుంది. నేను బాత్రూములో తలుపు వేసుకుని ఆమెకు ఒక మనవి పంపించాను. "నా పేరు చదవొద్దమ్మా" అని కింద మరీ మరీ రాశాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పక్కగదిలో ఉన్న మనిషికి చెప్పాల్సింది పన్నెండు వందల మైళ్ల అవతలి వాళ్లకు చెప్పుకున్నాను.

మర్నాడు మట్టల ఆదివారం, ఈస్టరుకు ముందు కొబ్బరి మట్టలు పట్టుకుని పాడే పండగ. ట్రాయ్‌లో ఉన్నప్పుడు ఈ పండక్కి మట్టలు కొనుక్కునేవాళ్లం. ఇక్కడ కిటికీలోంచి చెయ్యి చాపితే మట్టే. నేను తెల్లచీర కట్టుకున్నాను, ఈయన కోటు వేసుకున్నారు, కింద మాత్రం లుంగీ. లాప్‌టాప్ ముందు చెరొక మట్ట పట్టుకుని కూర్చున్నాం. జూమ్‌లో నలభై కిటికీలు, నలభై మట్టలు. మట్ట దొరకనివాళ్లు పుదీనా కాడలు పట్టుకున్నారు. పాట మొదలైతే ఒక్కొక్కరు ఒక్కో చరణంలో ఉన్నారు. అయినా ఆ మొహాలు చూడగానే నాకు ఏడుపొచ్చింది.

ప్రసంగం అయ్యాక ప్రిస్సిల్లా మనవులు చదవడం మొదలుపెట్టింది.

"ఫ్లోరిడాలో ఒక దీవిలో ఉంటున్న సహోదరి. పేరు చెప్పొద్దన్నారు. ఆమె భర్తకి ఆ దీవి అంటే ప్రాణం. ఆమె మనసు మాత్రం ట్రాయ్‌లోనే ఉంది. భర్తని బాధపెట్టకుండా, ఆమె మనసు ఆ దీవిలోనే నిలబడేలా ప్రార్థన చేద్దాం."

పేరు తీసేసింది, ఊరు ఉంచింది. మా సంఘంలో దీవిలో ఉండే సహోదరి ఇంకెవరున్నారు? ఈయన మెల్లగా నా వైపు తిరిగారు. నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను.

ప్రిస్సిల్లా గొంతు సవరించుకుంది. "నెక్స్ట్... ఇది కూడా దీవి నుంచే. ఒక సహోదరుడు. ఈయన కూడా పేరు వద్దన్నారు. ఆయన భార్యకి సముద్రం అంటే ప్రాణం. ఆయనకేమో ట్రాయ్ మీద బెంగ పోవట్లేదు. ఆమె సంతోషం కోసం ఆయన మనసు ఆ దీవిలోనే నిలబడేలా..." అంటూ ఆగిపోయింది. "సారీ, ఒకటే రెండుసార్లు వచ్చిందేమో అనుకున్నాను."

ఈసారి నేను తిరిగి చూశాను. ఈయన మట్టతో మొహం సగం కప్పుకున్నారు. ఏది ముందు రావాలో తెలియలేదు, నవ్వో కోపమో. నాకోసం ఈయన, ఈయన కోసం నేను, ఇద్దరికీ అక్కర్లేని చోట కూర్చుని అరటిపళ్లు కడుక్కుంటున్నామా?

"నెక్స్ట్, స్తుతి అంశం, దేవుడికి కృతజ్ఞత చెప్పాల్సింది," అంది ప్రిస్సిల్లా గబగబా. "ఇమ్మాన్యుయేల్, జెమీమా ఇంటి కోసం మనందరం ప్రార్థన చేస్తున్నాం కదా. ఈ ఉదయమే వాళ్లకి ఇల్లు కుదిరింది."

నలభై కిటికీల్లో చప్పట్లు. నేనూ కొట్టాను. ఇమ్మాన్యుయేల్ భార్య జెమీమాకు ఏడో నెల. కాన్పు కోసం కాకినాడ నుంచి వచ్చిన వాళ్లమ్మ ఒంటిగది అపార్ట్‌మెంట్ హాల్లో పడుకుంటోంది. ఆ పిల్లకు ఇల్లు ఇవ్వమని రోజూ రాత్రి పేరుపెట్టి అడిగింది నేనే. చప్పట్లు కొడుతూ పక్కకు చూస్తే ఈయన కొట్టడం లేదు.

"ఏ ఇల్లండీ?" అన్నాను.

"మనదే."

"మనదా?"

"పొద్దున్న నువ్వు స్నానంలో ఉన్నప్పుడు వాళ్లు ఫోన్ చేశారు. సరేనన్నాను. నీకు ఇక్కడ హాయిగా ఉంది కదా, ఇంక ఆ ఇంటి మీద నేను ఆశ పెట్టుకోవడం దేనికని."

"నాకు చెప్పాలి కదా."

"చెబితే నా మొహం చూసి కనిపెట్టేస్తావని చెప్పలేదు. నువ్వు మాత్రం చెప్పావా?"

"మీరు రోజూ సముద్రం చూశావా, సముద్రం చూశావా అంటుంటే ఏం చెప్పను?"

"నువ్వు చూస్తావని పిలిచాను. నాకు ఆ చప్పుడుకి నిద్రే పట్టదు."

"మరి వంతెన దగ్గర ఇక్కడే ఇల్లు అన్నారు."

"నువ్వు అంటావని అన్నాను."

నాకు దుఃఖం ఆగలేదు. ఆ వంటింటి కిటికీ పోయింది. నేను నోరు తెరిచేలోపే పోయింది. "అయితే ఇప్పుడు ఎక్కడికి పోదామండీ?" అన్నాను.

"దైవాశీర్వాదం గారూ," అన్నారు పాస్టర్ షాలేం రాజు నెమ్మదిగా. "మీ మైక్ ఆన్‌లో ఉందండి."

నలభై కిటికీలూ కదలకుండా ఉన్నాయి. నెట్ ఆగిపోయిందనుకున్నాను. కాదు, అందరూ వింటున్నారు. ఇమ్మాన్యుయేల్ కిటికీ వెలిగింది. "అంకుల్, ఇంకా సైన్ చేయలేదు. మేము వేరేది చూసుకుంటాం. మీరు వచ్చేయండి." పక్కన జెమీమా తల ఊపింది. నవ్వడానికి చాలా కష్టపడింది పిల్ల. వెనక వాళ్లమ్మ పరుపు మడతపెట్టి గోడకు ఆనించి ఉంది.

"సరే బాబూ" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట అంటే చాలు, ఇల్లు నాదే. కక్కలేక మింగలేక ఈయన వైపు చూశాను. ఈయన నా వైపు చూస్తున్నారు, నేనేం కోరుకుంటానో ఊహించడానికి. మళ్లీ అదే పని.

ఏం చేయాలో తోచక కాబోలు పాస్టర్ గారు, "విమలకుమారి గారు ముగింపు ప్రార్థన చేస్తారు," అనేశారు. ట్రాయ్‌లో ఉన్నప్పుడు ప్రతి ఆదివారం చేసేది నేనే. లేచి కొంగు తలమీద కప్పుకున్నాను. ముప్పై ఏళ్లుగా చేస్తున్న ప్రార్థనలో ఒక్క ముక్కా గుర్తురాలేదు.

"ప్రేమగల తండ్రీ," అన్నాను. "జెమీమాకి ఇల్లు ఇమ్మని అడిగాను. ఇచ్చావు. ఎవరి ఇల్లో చూసుకోకుండా అడిగింది నేను. ఆ ఇల్లు ఆ పిల్లదే, వెనక్కి అడగను. అడగాలనిపిస్తోంది, అది కూడా నీకు తెలుసు. మేం ఎక్కడ ఉండాలో మాకు తెలియడం లేదు. ట్రాయ్‌లో ఇంకో చిన్న ఇల్లు చూపిస్తావో, ఈ సముద్రమే బాగుందనిపిస్తావో నీ ఇష్టం. ఏది చేసినా ఇద్దరికీ ఒకటే చెయ్యి. ఇంకొక్క మాట తండ్రీ. ఇకమీదట ఏదైనా నీకు చెప్పేముందు ఈయనకు చెబుతాను. ఆమెన్."

నలభై ఆమెన్‌లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. జెమీమా ఆమెన్ ఏడుపులో సగమే వినిపించింది. మా ఆయన ఆమెన్ అనలేదు. కోటు, లుంగీతో లేచి నా పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, "నేను కూడా, ప్రభువా," అన్నారు.

మైకు అప్పటికీ ఆపలేదు.