కుట్టు లేని వంపు

"మళ్ళీ సూదులు పట్టుకున్నావా? ఎవరికి నెలలు నిండాయేమిటి?" అన్నారు మావారు, నా చేతిలో గరిటనీ చంకలో అల్లికనీ చూసి. అత్తయ్య నవ్వారు. నేనూ నవ్వేశాను. అల్లుతున్నది మనిషి ఒంట్లో పెట్టే తొడుగని చెబితే ఇంకా నవ్వుతారు.

మా వర్క్‌షాపులో నాది తప్పిన కుట్లు వెతికే పని. పద్దెనిమిదేళ్ళుగా భూతద్దం ముందే; అందుకే అందరికీ లెన్సు ఆంటీని. గుండె దగ్గరి పెద్ద రక్తనాళం ఉబ్బితే పగలకుండా చుట్టూ వేసే అల్లిక తొడుగులు చేస్తాం. నాళం వంగిన చోట తొడుగు ముడత పడుతోంది. కుర్ర ఇంజనీరు ఆ ముడతని కత్తిరించి కుడతాడు, ఆ కుట్టు నాళాన్ని ఒరుస్తుంది. మూడు నెలలుగా ఇదే తంతు. మడమ దగ్గర కుట్టేసిన మేజోడు ఎవరైనా తొడుక్కుంటారా? మడమ దగ్గర అల్లికని వరస చివరిదాకా పోకుండా సగంలో వెనక్కి తిప్పాలి, మళ్ళీ సగంలో తిప్పాలి. వంపు దానంతటదే లేస్తుంది. మా పిల్లల మేజోళ్ళకి అలా ఎన్ని మడమలు తిప్పానో!

తొడుగు అలాగే అల్లి ఇస్తే ఇంజనీరు ఎగిరి గంతేశాడు. "సాయంత్రం ఆస్పత్రిలో ఆపరేషన్ చేసే డాక్టరుగారికి నేను చూపిస్తాలెండి. మీరు రానక్కర్లేదు ఆంటీ." ఫోన్ చేసి చెబితే ఇంట్లోనూ అదే మాట. ఆరింటికి మావారి ఆఫీసువాళ్ళు టీకి వస్తున్నారు. "నువ్వు లేకపోతే ఆ గొట్టం ఎక్కదా?" అన్నారు మావారు.

ఎక్కకపోతే నేను చూడాలి. ఎక్కితే మరీ చూడాలి. ఆస్పత్రికి వెళ్ళాను.

రక్తనాళం రబ్బరు నమూనాకి డాక్టరమ్మ తొడుగు వేశారు. వేలితో చుట్టూ తడిమారు. ఒక్క ముడత లేదు! నాకు అరవాలనిపించింది.

"నా పేషెంటుకి నాళం ఇంకాస్త కింద వంగింది. మార్చగలరా?"

ఇంజనీరు తన కాగితాలు తిరగేసి, "మా టీమ్ చూస్తుంది మేడమ్" అన్నాడు.

"నాలుగు వరసలు ఎక్కువ అల్లి, అప్పుడు తిప్పితే సరి" అన్నాను గోడ పక్క నుంచి.

డాక్టరమ్మ ఇటు తిరిగారు. "మీరు?"

"అది అల్లింది నేనండీ."

ఆవిడ తన పక్క కుర్చీ లాగారు. కూర్చోబోతుంటే ఫోన్ మోగింది. "వాళ్ళొచ్చేశారు. కప్పులెక్కడ పెట్టావ్?"

"పై అరలో. టీ మీరే పెట్టండి, నాకు పనుంది" అన్నాను. ఫోన్ పెట్టేసి, "కొలతలు చెప్పండి డాక్టరుగారూ" అంటూ కాగితం ముందుకు లాక్కున్నాను.