బాయి నోళ్లు

నారాయణఖేడ్ నుంచి కంగ్టి వెళ్లే రోడ్డు మీద, ఊరు దాటగానే ఎడమ పక్కన ఒక పాత రాతి హాస్టల్ ఉంది. నలభై ఏళ్లు ఆడపిల్లల్ని చదివించి, పైకప్పు కారడం మొదలయ్యాక మూతపడింది. రెండువేల పదకొండు ఎండాకాలంలో హైదరాబాద్ సంస్థ ఒకటి దాన్ని బాగుచేసే పని నెత్తికెత్తుకుంది. బాగుచేయడమంటే గోడలకు వెల్ల వేసి చేతులు దులుపుకోవడం కాదు. హాస్టల్‌నూ, దాని వెనుక ఉన్న బావినీ, ఆ బావికి నీళ్లు పంపే గుట్ట వాలునూ కలిపి నిలబెట్టాలని వాళ్ల పట్టుదల. కూలీలతో పాటు పదిమంది డిగ్రీ పిల్లల్ని రెండు నెలలకు తీసుకున్నారు. కాగితాల్లో వాళ్ల పేరు ఇంటర్న్‌లు. కూలీలు మాత్రం టిరైనింగోళ్లు అన్నారు. పొద్దున ఆరింటికే పారలు పట్టుకుని గుట్ట ఎక్కి, వాననీళ్లు ఇంకడానికి కందకాలు తవ్వి, మధ్యాహ్నం నోటుబుక్కులు ముందేసుకుని కూర్చునే ఆ పిల్లల్ని చూసి, చదువుకున్నోళ్లకు ఇదేం ఖర్మ అని మొదటి వారం నవ్వుకున్నారు. రెండో వారానికి ఆ నవ్వు పోయింది. ఎండలో నిలబడి పని చేసేవాళ్లను చూసి ఎవరైనా ఎన్నాళ్లు నవ్వుతారు?

ఆ పదిమందిలో షైనీ ఒకతి. కంగ్టి దగ్గర పల్లె పిల్ల. తల్లిదండ్రులు ఏటా దసరా దాటగానే చెరుకు కొట్టడానికి కర్ణాటక పోతారు. వాళ్లు అక్కడ చెరుకు కొడుతుంటే ఈమె ఇదే హాస్టల్‌లో ఉండి పదో తరగతి గట్టెక్కింది. తర్వాత ఎలాగో డిగ్రీ కూడా అయింది. డిగ్రీ అయిందని చెరుకు తోట ఊరుకోదు కదా, ఈ దసరాకు నువ్వూ రావాల్సిందేనని తండ్రి ముందే చెప్పేశాడు. అయితే రెండు నెలల ఇంటర్న్‌షిప్ ముగిశాక పదిమందిలో ఒకరిని ఇక్కడే ఉద్యోగంలో పెట్టుకుంటారని, రాబోయే బ్యాచ్‌లకు వాళ్లే పని నేర్పాలని సంస్థ మొదటిరోజే చెప్పింది. ఆ ఒక్కరు తానే కావాలని షైనీ ఆశ. పైకి అనకపోయినా మిగతా తొమ్మిదిమంది ఆశ కూడా అదే.

ఆశపడటమే కాదు, ఆమె చేతిలో పనితనం ఉంది. మేస్త్రి దేవానందం హాస్టల్ గోడల దగ్గర డంగు సున్నం పని నేర్పించాడు. సున్నాన్ని గానుగలో రుబ్బడం, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపడం, రాళ్ల సందుల్లో ఆ ముద్ద నింపి తాపీతో నొక్కడం. చీమ దూరే సందు కూడా మిగలొద్దన్నది ఆయన పాఠం. షైనీ నింపిన గోడను వేలితో తడిమి చూసి, ఇంత నున్నగా తన సొంత కొడుక్కి కూడా రాలేదని ఆ ముసలాయన నలుగురిలో అన్నాడు. మెచ్చుకోలు ఎంతటివాళ్లకైనా కొంచెం తలకెక్కుతుంది. షైనీకీ ఎక్కింది.

మే నెల చివర్లో సైట్ ఇంజనీరు జగన్నాథ్ ఆమెకు బావి అప్పజెప్పాడు. అప్పటికి కిష్టప్ప మనుషులు బావిలో పూడిక తీసి, గోడల్లో పాతుకుపోయిన రావి మొక్కల వేళ్లు పెరికేశారు. కిష్టప్ప తాతల నాటి నుంచి బావులు తవ్విన ఇంటివాడు, అరవై దాటినవాడు. పూడిక తీత అయిపోగానే మనుమరాలి పెండ్లికని నాగల్‌గిద్దకు పోయాడు. పైన మూడు గజాల గోడ వదులుగా ఉంది, సున్నంతో గట్టి చేయమని జగన్నాథ్ చెప్పాడు. అంతవరకే చేసి ఊరుకుంటే ఈ కథ లేదు. పై గోడ నాలుగు రోజుల్లో అయిపోయింది. చేతిలో ఇంకా సున్నం ఉంది, రోజులు ఉన్నాయి, ఒంట్లో ఉత్సాహం ఉంది. కింద గోడ ఒట్టి రాయి మీద రాయిలా పేర్చి ఉంది, మధ్య మధ్యలో అరచేయి దూరేంత కన్నాలు. రాళ్లు ఊడిపోయాయనుకుంది షైనీ. పరంజా కట్టిన వెదురు తడికల మీద నిలబడి, ఒక్కో కన్నానికి సరిపడేలా రాయి చెక్కి, దిగ్గొట్టి, చుట్టూ సున్నం నింపింది. మొత్తం పదిహేడు కన్నాలు. ఏ గోడ దగ్గర ఏ పాఠం పనికొస్తుందో దేవానందం చెప్పలేదు. ఆయన ఇళ్లు కట్టే మేస్త్రి, జన్మలో బావిలో దిగినవాడు కాదు.

పని ముగిసేసరికి బావి చూడముచ్చటగా తయారైంది. జగన్నాథ్ ఫోటోలు తీసి హైదరాబాద్ పంపించాడు. సంస్థ పెద్ద లిల్లీ మేడం ఆ ఫోటోలు చూసి, శనివారం స్వయంగా వస్తానని, మంగళవారం ఎంపిక పెట్టుకుందామని జవాబు రాసింది. ఇక ఆ ఉద్యోగం షైనీదేనని తోటి పిల్లలు అనేశారు. నాగల్‌గిద్ద పిల్ల సౌందర్య, ఈమెతో పోటాపోటీగా పనిచేసినది, మనసులో ఎంత కష్టంగా ఉన్నా ముందే అభినందించింది.

బుధవారం కిష్టప్ప పెండ్లి నుంచి తిరిగొచ్చాడు. తిన్నగా బావి దగ్గరికి పోయి, గట్టు మీద కూర్చుని చాలాసేపు లోపలికి చూశాడు. షైనీ పక్కనే నిలబడి మెచ్చుకోలు కోసం చూస్తోంది. మెచ్చుకోలు వచ్చింది కూడా.

"పని మంచిగ చేసినవ్ బిడ్డా," అన్నాడు కిష్టప్ప. "గని, నీళ్లు ఏడికెళ్లి రావాలె?"

ఆమెకు అర్థం కాలేదు. అతను ఆమెను మెట్ల మీదుగా కిందికి తీసుకుపోయి, ఆమె దిగ్గొట్టిన రాళ్లను ఒక్కొక్కటీ గోటితో కొట్టి చూపించాడు. అవి రాళ్లు ఊడిన కన్నాలు కావు. ఊట లోపలికి రావడానికి, ఈ బావి కట్టిన అతని తాత కావాలని వదిలినవి. రెండు పక్కలా రెండు నిలువు రాళ్లు, పైన ఒక అడ్డరాయి పెట్టి మరీ కట్టినవి. వాటిని బాయి నోళ్లు అంటారట.

"గుట్ట మీద కందకాలు తవ్వింది మీరే గద," అన్నాడు. "ఆ వాననీళ్లు భూమిల ఇంకి గీడికే వస్తయ్. నోళ్లు మూస్తె గోడ ఎనుకనే జమైతయ్. జమై జమై గోడను లోపలికి నూకుతయ్. బాయి కూలుతది."

షైనీ పైకి వచ్చి నోటుబుక్కు తెరిచింది. కందకాల లెక్కంతా అందులో ఉంది. వాన ఎక్కడ పడి, ఎక్కడ ఇంకి, ఎటు నడుస్తుందో బాణం గుర్తులు పెట్టి మరీ రాసుకుంది. ఆ బాణాలన్నీ బావి వైపే ఉన్నాయి. పొద్దున గుట్ట మీద నీళ్లకు దారి చేసింది తనే, మధ్యాహ్నం బావిలో ఆ దారి మూసిందీ తనే. రెండు పనులూ విడివిడిగా చక్కగా చేసింది. రెంటినీ కలిపి ఒక్కసారైనా ఆలోచించలేదు.

సంగతి విని జగన్నాథ్ ముఖం పాలిపోయింది. కానీ అతను చెడ్డవాడు కాదు. ఈ పిల్లకు ఉద్యోగం రావాలని మనసారా కోరుకున్నవాడే. వానలకు ఇంకా పది రోజులు ఉన్నాయని, శనివారం మేడం వచ్చి చూసి పోనిమ్మని, మంగళవారం ఎంపిక కాగానే తనే దగ్గరుండి కన్నాలు తెరిపిస్తానని, మేడంకు ఈ ముచ్చటే తెలియాల్సిన పని లేదని నచ్చజెప్పాడు. కిష్టప్పను అడిగితే వాన రేపు రావచ్చు, పదిరోజులకు రావచ్చు, తానేం మొగులు మీద ఉన్నాడా అని ఊరుకున్నాడు. తెరవమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఆ సాయంత్రమంతా షైనీ బావి గట్టు మీదే కూర్చుంది. జగన్నాథ్ చెప్పినదాంట్లో తప్పేముంది? ఆరు రోజులు ఆగితే చాలు. బావీ మిగులుతుంది, ఉద్యోగమూ మిగులుతుంది. లేకపోతే దసరాకు చెరుకు తోట. తల్లి అరచేతుల్లో చెరుకాకు కోసిన గీతలు ఆమెకు బాగా తెలుసు. తెలిసి తెలిసీ గురువారం పొద్దున సుత్తె, ఉలి తీసుకుని బావిలోకి దిగింది. ధైర్యం అంటే పులితో కొట్లాడటమే అనుకుంటాం గానీ, నలుగురు మెచ్చిన తన పనిని తానే పగలగొట్టడానికి అంతకన్నా ఎక్కువ ధైర్యం కావాలి. ఇది రాస్తున్నవాడికి అది లేదని మాత్రం ఒప్పుకుంటాను.

డంగు సున్నం గట్టిపడటం మొదలైతే అంత తేలికగా వదలదు. అందులోనూ షైనీ నింపిన సున్నం. నిలువు రాళ్లు పగలకుండా మధ్య రాయి ఒక్కటే ఊడబెరకాలి. మొదటి కన్నం కిష్టప్ప దగ్గరుండి చూపించి, తర్వాత ఉలి ఆమె చేతిలో పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. నువ్వు ఎక్కడెక్కడ ఎంత దిగ్గొట్టినవో నీ చేతికే తెలుస్తుందన్నాడు. గురువారం నాలుగు కన్నాలు తెరిచింది. అరచేతులు బొబ్బలెక్కాయి. శుక్రవారం సౌందర్య కూడా ఉలి పట్టుకుని దిగింది. ఉద్యోగం తనకూ కావాలని, అయితే ఈ విధంగా వద్దని అంది. ఆ మాటకు షైనీ మొదటిసారి నవ్వింది.

శనివారం పొద్దున లిల్లీ మేడం జీపు వచ్చేసరికి పదమూడు నోళ్లు తెరుచుకున్నాయి, ఇంకా నాలుగు మిగిలాయి. ఫోటోలో నున్నగా ఉన్న గోడ ఇప్పుడు గీతలు పడి, పెచ్చులూడి, అసహ్యంగా ఉంది. అడుగున సున్నం ముక్కల కుప్ప. లిల్లీ మేడం అరవై ఏళ్ల మనిషి, పని దగ్గర మొహమాటం ఎరగదు. ఫోటోనూ గోడనూ మార్చి మార్చి చూసింది. జగన్నాథ్ కొన్ని మార్పులు చేస్తున్నామని ఏదో అనబోయాడు. అప్పుడు షైనీ తడిక మీది నుంచి పైకి ఎక్కి వచ్చింది. జుట్టంతా సున్నం.

"ఫోటోల ఉన్నది తప్పు పని మేడం. సార్ పై గోడ వరకే చెప్పిండు, కింద నేనే మూసిన. ఊట వచ్చే నోళ్లని తెల్వలే," అంది. "ఇప్పుడు నేనే తెరుస్తున్న. ఇంక నాలుగు ఉన్నయ్."

మంగళవారం ఎంపిక అయ్యాక తెరవొచ్చు కదా అని లిల్లీ మేడం అడిగింది.

"వాన మంగళారం దాంక ఆగుతదా మేడం?" అంది షైనీ.

లిల్లీ మేడం పుస్తకంలో ఏదో రాసుకుని, మిగతా పనులు చూసి, జహీరాబాద్‌లో ఇంకో పని ఉందని వెళ్లిపోయింది. ఉద్యోగం సంగతి అంతటితో ముగిసిందని షైనీ అనుకుంది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, మిగిలిన నాలుగు కన్నాల కోసం మళ్లీ దిగింది. చివరి రాయి ఊడేసరికి పొద్దు గుంకడానికి వచ్చింది. అదే సాయంత్రం కర్ణాటక వైపు నుంచి మొగులు కమ్ముకుని వాన మొదలైంది. ఆదివారమంతా కురిసింది. కందకాలు నిండి, ఇంకి, మళ్లీ నిండాయి. ఏళ్ల తరబడి ఆ గుట్ట మీద పడ్డ వాన అంతా రోడ్డు దాటి కొట్టుకుపోయేది. ఈసారి చుక్క కూడా రోడ్డు దాకా పోలేదు.

మంగళవారం పొద్దున పదిమందీ, కూలీలూ, జగన్నాథ్, లిల్లీ మేడం బావి చుట్టూ మూగారు. నోళ్ల నుంచి నీళ్లు వస్తున్నాయి. కొన్నింటి నుంచి సన్నగా, కొన్నింటి నుంచి చేతి మందాన. మొదట ఎర్రగా వచ్చినవి అప్పటికే తేరుకుంటున్నాయి. అడుగున మోకాలి లోతు నీళ్లు చేరాయి. గోడ చెక్కు చెదరలేదు. తెరవకుండా ఉంటే ఆదివారం రాత్రికే ఏమయ్యేదో ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. జగన్నాథ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ షైనీ పక్కకు వచ్చి, తాను చెప్పిన మాట విననందుకు థ్యాంక్స్ అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో చూస్తేనే తెలుస్తోంది.

ఎవరినైనా ఉద్యోగంలోకి తీసుకునే ముందు కూలీలను ఒక మాట అడగడం లిల్లీ మేడం పద్ధతి. రేపటి పిల్లలకు బావి పని నువ్వు నేర్పుతావా, ఈ పదిమందిలో ఎవరినైనా పెట్టాలా అని కిష్టప్పను అడిగింది. కిష్టప్ప తడుముకోకుండా షైనీ వైపు చెయ్యి చూపించాడు. ఈమె తప్పు చేసింది కదా అని మేడం మళ్లీ అడిగింది. పరీక్షించడానికే అడిగి ఉంటుంది.

కిష్టప్ప తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"చేసింది అమ్మా. బాయి పనోళ్లం అందరం చేసినం. పదిహేనేండ్ల కింద కల్హేర్ ఊర్ల నేనొక బాయి కట్టిన. జల్దీ అయితదని నోళ్లు తక్కువ పెట్టిన. కట్టినంక తెలిసింది, గని ఇప్పలే. ఇప్పితె మంది ముంగట ఇజ్జత్ పోతదని ఊకున్న. రెండో వానకు కూలింది. వాన మీదికి నూకేసిన. తప్పు నాదని ఇయ్యాల్నే చెప్తున్న, గీ పిల్లను చూసినంక."

ఇజ్జత్ పోతుందని పదిహేనేళ్లు దాచుకున్న మాట అది. చెప్పాక అతను తల దించుకోలేదు. నిజానికి అతని ముఖం తేలికపడింది.

మధ్యాహ్నం లిల్లీ మేడం ఉద్యోగం కాగితం ఇచ్చింది. సౌందర్య అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. దసరాకు రానని ఇంటికి కబురు పెట్టాలి, అమ్మకు చెప్పాలి, ఇంకా ఎన్నో చేయాలి. కానీ షైనీ ఆ కాగితాన్ని మడిచి నోటుబుక్కులో పెట్టుకుని, ముందుగా గట్టు మీద ఒంటరిగా కూర్చున్న కిష్టప్ప దగ్గరికి పోయింది.

"తాతా, కొత్తోళ్లు వచ్చేటాలకు, వాళ్లతోని మళ్ల కట్టిచ్చనీకి మనం ఒక బాయి చూసుకోవాలె," అంది. "గా కల్హేర్ బాయి ఏడుందో చూపిస్తవా?"

కిష్టప్ప తువ్వాల మళ్లీ తలకు చుట్టుకున్నాడు.

"చూపిస్త బిడ్డా," అన్నాడు. "రేపే పోదాం."