ఓదెలు గుంతలో పెట్టవలసినవి

అశోక్‌నగర్‌లో ఎనిమిదేళ్లు గ్రూప్స్‌కు చదివినవాడికి చావంటే భయం పోతుంది. ఫలితాలంటేనే ఉంటుంది. ఓదెలుకు ముప్పయ్యారు నిండాయి, పెళ్లి కాలేదు. వాళ్ల వైపు పెళ్లికాని వాణ్ని కాల్చరు, పూడుస్తారు. పోయినవాడికి ఇష్టమైనవి కూడా గుంతలో పెడతారు. ఆ ఆదివారం పుస్తకం తెరవబుద్ధి కాక, తన గుంతలో ఏమేం పెట్టాలో కాగితం మీద రాసుకున్నాడు మహానుభావుడు.

మధ్యాహ్నం అక్క స్వరూప అన్నం డబ్బాతో వచ్చింది. అంబర్‌పేట్ బస్తీలో ఉంటూ ఇటుకలు మోసే మనిషి. తమ్ముడి చదువు నడిచేది ఆమె నెత్తిమీదే. ఆమె కూర్చోగానే రూమ్మేట్ నాగేందర్ ఆ కాగితం లాక్కున్నాడు.

"అక్కా, మీ తమ్ముని ఆఖరి కోరికలు ఇను. చిక్కడపల్లి లైబ్రరీల కుర్చీ మీద ఏసుకునే దిండు. ఆడ గుడ సీటు ఆపుకోవాలెనట! పదకొండు హాల్‌టికెట్లు. యముడు అడిగితే సూపిస్తడట. నారాయణగూడ చాయ్ ఒక ఫ్లాస్కెడు. నల్ల బాల్‌పెన్ను. అది భూమ్మీద ఉంటే ఇంకొకని కొంప ముంచుతదట."

స్వరూప కొంగు అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. తర్వాత సంచీలోంచి ఒక బట్ట తీసి మంచం మీద పెట్టింది. నెత్తిన ఇటుకల కింద పెట్టుకునే చుట్టబట్ట అది. పాత చీర పేలికలు మెలేసి చుట్టింది, నడుమ అరిగి చిల్లులు పడింది.

"గిది గుడ రాయి తమ్మీ. వాని సదువుకే అరిగింది. వాని తలకింద పెట్టుండ్రి."

ఓదెలు ఆ బట్టవంక చూడలేకపోయాడు. నాలుగు నెలలుగా కడుపులో దాచుకున్నది ఇక ఆగలేదు.

"అక్కా, ఈసారి గుడ రాదే."

"ఇంక రిజల్టే రాలే గద?"

"రాకున్నా నాకెర్కే. నలభై ఒకటో ప్రశ్న ఇడిసిపెట్టిన. ఓఎంఆర్ షీటుల దాని గడిల నలభై రెండోది దిద్దిన. ఆడికెళ్లి అన్నీ ఒక గడి పైకి జరిగినయ్. ఆఖర్ల సూసుకున్న. పెన్నుతోని దిద్దినంక చెరగదు గద."

"మరి మంచిగ రాసిన అంటివి?"

ఓదెలు తల దించుకున్నాడు. అక్క నాలుగు పీకినా బాగుండు అనిపించింది. స్వరూప కొట్టలేదు, తిట్టలేదు.

"నాయినను మట్టిచేసిననాడు, బతుక పోయిన నేను బొంబాయి నుంచి వచ్చేదాంక ఊరంత ఎండల నిలవడ్డది. ఆడబిడ్డ రాకుంట మట్టియ్యరు గదరా. నువ్వేమో నాకు కబురు గుడ జెయ్యకపోతివి. నాలుగు నెల్ల కిందనే పరీచ్చను ఒక్కనివే పూడ్సిపెట్టుకున్నవ్. నేను దినాం దానికే ఇటుకలు మోస్తున్న."

చుట్టబట్ట తీసి మళ్లీ సంచీలో పెట్టుకుంది.

"రేపు స్లాబు పనుంది," అంది. డబ్బా మూత తీసి తమ్ముడి ముందుకు జరిపింది. "తిను."

ఓదెలు అన్నంలో చేయి పెట్టి, ముద్ద ఎత్తలేక, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.