తొంగున్న ఇసుక, దూరిన ఇసుక

రమణి పోయాక ఆమె బల్ల మీద ఒక రాయి మిగిలింది. మూరెడు పొడవు, రోకలి లావు. సముద్రం అడుగున చమురు కోసం తవ్వినప్పుడు బయటికి తీసిన ముక్క. నల్లటి మట్టిరాయి, మధ్యలో తెల్లటి ఇసుకరాయి చార. ఆ చార మీద ఆమెకూ, ఆమె పనిచేసిన చమురు ఆఫీసుకూ పేచీ. ఇసుక అక్కడే నెమ్మదిగా పేరుకుందని ఆఫీసు. కింది పొరలో ఒత్తిడి పెరిగి, నీళ్లతో సహా పైకి తన్నుకొచ్చి, మట్టిని చీల్చుకుని దూరిందని నా భార్య.

నేను బడి చెప్పే ఊరు అరకులోయ నుంచి జీపులో గంట. ఇక్కడ పోయినవాళ్ల పేరున పొలం గట్టున రాయి నిలబెడతారు. సెలవులకు వస్తే రమణి అక్కడే కూర్చునేది. తన పేచీ ఊరందరికీ చెప్పింది కూడా. ఆ వరుసలో ఆమె రాయికి చోటు అడిగాను.

రాళ్ల బాధ్యత పెద్దాయన మల్లేశుది. ఆయన కాదనలేదు. ముందు రాయిని విచారించాలన్నాడు.

రాయిని పీట మీద కూర్చోబెట్టి అంబలి పెట్టారు. ఎండ తగులుతోందని, కనక అనే ఊరావిడ గొడుగు పట్టింది. పడుతూనే అభ్యంతరం చెప్పింది.

"ఈయేళ రాయొస్తాది. రేపు దాని ఎనకాల రిసార్టొస్తాది."

రాయి ఏమీ అనలేదు. అది మంచి లక్షణమని మల్లేశు అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మాస్టారూ, ఇందులో ఇసక తొంగున్నదా, దూరిందా?"

కొండల్లోకి దూరినవాళ్లంటే ఇక్కడ ఎవరికీ పడదు. పేరుకుందని ఒక్క మాట అంటే సరిపోయేది. అది ఆఫీసు మాట. నోట రాలేదు.

రాయి తిప్పి చూపించాను. మట్టి పొరలు అడ్డంగా ఉన్నాయి, ఇసుక వాటిని ఏటవాలుగా కోసుకుంటూ పోయింది. పేరుకున్నదైతే వాటి మీద పొరగా పడుకునేది. ఇసుకలో మట్టిపెళ్లలు చిక్కుకుని ఉన్నాయి. వాటి మొనలు అరగలేదు. పక్క మట్టిరాయి నుంచి అవి ఊడిన చోటు కూడా కనిపిస్తోంది.

"దూరిందే," అన్నాను.

మల్లేశు ఆ చార వెంట వేలు పోనిచ్చి చూశాడు.

"తొంగున్నదైతే దాని ఊరు అదే. సముద్రంలో ఒగ్గీమని సెప్పుదును. ఇది ఇల్లొగ్గీసి ఒచ్చింది. దీనికి ఊరు లేదు. మనవే ఇవ్వాల."

కనక ఒప్పుకోలేదు. అలవాటున్న ఇసుక, మళ్లీ ఎటో దూరితే పక్కనున్న తన అత్త రాయి గతేమిటని అడిగింది. చుట్టూ మట్టి గట్టిగా కూరాలని షరతు పెట్టారు. కనకే కూరింది. కాలితో తొక్కి, అంబలి పోసి, "కదలకుండా కూకో, అమ్మా" అని రాయితో చెప్పింది.

రమణి రాయికి రెండోవైపు చోటు ఖాళీగా ఉంది. నేను అటే చూడటం మల్లేశు గమనించాడు.

"మరి మీరేటి మాస్టారూ? తొంగున్నోరా, దూరినోరా?"

"బదిలీ మీద వచ్చాను."

ఆయన ఆలోచించాడు. దానికి వేరే విచారణ కావాలన్నాడు. గొడుగు దాచి ఉంచమని కనకతో చెప్పాడు.