అక్క కోటా

బుధవారం పొద్దున అత్తగారి మాత్రల డబ్బా సర్దుతున్నాను. వారానికి ఏడు గళ్లు, గడికి రెండు తెల్లవి, ఒక పచ్చది. నాలుగేళ్ల క్రితం దాకా ఇది మా ఆయన పని. నడుము పట్టేసి మంచమెక్కినప్పుడు "పది రోజులేగా, నువ్వున్నావుగా" అన్నారు. మాత్రలూ, పిల్లను బడిలో దింపడమూ, సాయంత్రం వంటా అప్పుడే నా చేతికొచ్చాయి. పది రోజులకల్లా ఆయన నడుము బాగైంది. ఇప్పుడు రోజూ షటిల్ ఆడొస్తారు, ఎగిరెగిరి కొడతారట. పనులు మాత్రం వెనక్కి వెళ్లలేదు. "నీకు అలవాటైపోయిందిగా, నేను చేస్తే తప్పులు దొర్లుతాయి" అంటారు. "వాడికి తెల్లదేదో పచ్చదేదో తెలిసి చావదమ్మా" అని అత్తగారి వత్తాసు. మెత్తగా ఉంటే మొత్తబుద్ధవుతుందని ఊరికే అనలేదు.

నా ఉద్యోగం ఒక పెద్ద కంపెనీలో. అన్ని విభాగాల రికార్డులూ దాచే స్టోరేజ్ మిషన్లు చూసుకుంటాను. ఒక్కో మిషనుకు రెండు పోర్టులు, అంటే డేటా వచ్చిపోయే రెండు దారులు. ఒకటి చెడితే దాని బరువు కూడా రెండోదే మోస్తుంది. దాన్ని ఫెయిలోవర్ అంటాం. ఆ సమయంలో అందరికీ అడిగినంతా ఇస్తే ఆ రెండో దారీ కూలబడుతుంది. అందుకని ఏ విభాగం ఎంత వాడుకోవాలో నేను పరిమితి పెడతాను. అమ్మకాల వాళ్లకు కోత పెడితే క్షణంలో వాళ్ల మేనేజరు నా నెత్తిన కూర్చుంటాడు. కాబట్టి, నిజం చెప్పాలంటే, గొడవ చేయని వాళ్లకే కోత.

ఇంటి విషయంలోనూ అదే చేశాను. కోత అక్కకు పెట్టాను.

అక్క నాకన్నా పన్నెండేళ్లు పెద్దది. అమ్మ ఉద్యోగానికి వెళ్తే నాకు జడలేసి, అన్నం కలిపి పెట్టి, కథలు చెప్పి పెంచింది తనే. చిన్నపిల్లల బడిలో టీచరు, ఒక్కతే ఉంటుంది. తోక తెగిన బల్లి కనిపిస్తే చాలు, దాని గురించి అరగంట చెప్పగలదు. రోజూ పొద్దున్నే, సరిగ్గా నేను టిఫిన్ డబ్బాలు కడుతున్నప్పుడు ఫోన్ చేసేది. ఆయన మంచమెక్కిన ఆ పది రోజుల్లోనే చెప్పేశాను. "అక్కా, ఇంట్లో ఉన్నప్పుడు వద్దు. బస్సు దిగి ఆఫీసుకు నడిచేటప్పుడు చెయ్యి. మూడు నిమిషాలు దొరుకుతాయి."

"రేషనా? సరేలే తల్లీ" అని నవ్వింది. ఆ రోజు నుంచి మూడు నిమిషాలు కాగానే "నా కోటా అయింది, ఉంటా మరి" అని తనే పెట్టేసేది. ఇంకాసేపు మాట్లాడక్కా అని నేను ఒక్కసారీ అనలేదు.

ఆ బుధవారం ఆఫీసులో ఒక మిషను నెమ్మదించిందని చూడబోతే మొదటి పోర్టు పచ్చలైటు వేసుకుని ఖాళీగా కూర్చుని ఉంది. ఎప్పుడో రెండేళ్ల క్రితం చెడితే బాగుచేశారు. బరువంతా ఇంకా రెండోదాని మీదే ఉంది. అప్పుడు పెట్టిన కోత కూడా అలాగే ఉంది. ఏ మహానుభావుడు వదిలేశాడో తిడదామని పాత నోట్ తెరిచాను. "పోర్టు బాగైంది. లోడు వెనక్కి మార్చలేదు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు కనుక ఇలాగే ఉంచవచ్చు." కింద నా పేరు ఉంది.

కోత పడింది పాత రికార్డులు చూసే ఆవిడకు. ఫోన్ చేసి "రెండేళ్లుగా చెప్పలేదేమండీ?" అన్నాను. "మీరు పని ఒత్తిడిలో ఉంటారు కదమ్మా. ఫైలు తెరుచుకునేలోగా ఇంకో పని చూసుకుంటున్నాను" అంది.

ఆ ఫోన్ పెట్టానో లేదో అక్క పక్కింటావిడ చేసింది. అక్క గొంతులో గడ్డ ఉందట. శుక్రవారం ఆపరేషన్. తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేమన్నారట డాక్టర్లు. "మీకు చెప్పొద్దంది. చెల్లికి ఇప్పటికే పనులతో ఊపిరాడటం లేదు, ఇదొకటా అంది."

రెండు నెలలుగా అక్క గొంతు బొంగురుగానే ఉంది. పిల్లల మీద అరిచి ఉంటుందిలే అనుకున్నాను. నడుస్తూ, రోడ్డు దాటుతూ, చేతిగడియారం చూసుకుంటూ అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం మా ఆయనకు సంగతి చెప్పి, అక్క దగ్గరికి వెళ్తున్నానన్నాను. "అయ్యో పాపం" అన్నారు. ఆ వెంటనే, "మరి ఇల్లెవరు చూస్తారు? అమ్మ మందులు?"

మాత్రల డబ్బా ఆయన చేతిలో పెట్టాను. "పది రోజులేగా. మీరున్నారుగా."

ఆయన డబ్బా వైపూ నా వైపూ చూశారు. "ఇంత కష్టంగా ఉంటే ముందే చెప్పొచ్చుగా. నువ్వెప్పుడూ ఏమీ అనలేదు."

అదీ నిజమే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అక్క మాత్రం నేనడక్కుండానే పెట్టింది. "ఇప్పుడంటున్నాను. పదకొండో రోజున కూడా ఈ డబ్బా మీదే" అని బట్టలు సర్దుకున్నాను.

గురువారం మధ్యాహ్నానికి ఆసుపత్రి చేరాను. అక్క మంచం మీద కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. నన్ను చూసి కళ్లనిండా నవ్వింది. ఫోన్ ఆపేసి సంచిలో పడేశాను. "నాకే పనీ లేదక్కా. పది రోజులూ నీ దగ్గరే. ఏదైనా చెప్పు."

బొంగురు గొంతుతోనే మొదలుపెట్టింది. ముక్కులో రబ్బరు ముక్క దోపుకున్న పిల్ల సంగతి, మళ్లీ కాలిపోయిన నీళ్ల మోటారు, చచ్చిందనుకుంటే చిగురేసిన కుండీలో మొక్క. గబగబా, గుటకైనా వేయకుండా, ఒకదాని వెనక ఒకటి చెప్పింది. బల్లి మీద అరగంట చెప్పే మనిషి. చెప్పి, ఆగిపోయింది. గోడ గడియారం చూసింది. నా చేతి మీద చెయ్యి వేసింది.

"నా కోటా అయిందే" అంది. "ఇక నీ పని చూసుకో."