పై వాటాలో ఎవరో బాగుచేస్తున్నారు

అద్దెకున్నవాళ్లంటే మావారికి కొత్తల్లుళ్లతో సమానం. కుళాయి కారుతోందని వాళ్లు నోరు తెరిచి చెప్పక్కర్లేదు, నీటిబొట్టు చప్పుడు వినపడితే చాలు, ఈయనే స్పానరు పట్టుకుని మెట్లెక్కేస్తారు. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. చేతులు ఊరుకోవు. నా మిక్సీ నెలల తరబడి మూలుగుతుంటే కన్నెత్తి చూడరు గానీ, పై వాటాలో ఒక మేకు వదులైతే ఈయనకి నిద్ర పట్టదు. అద్దెకున్నవాళ్లు తృప్తిగా ఉన్నంతకాలమే అది ఇల్లనీ, లేకపోతే ఉత్త గోడలనీ నాకు రోజూ పాఠం.

పై వాటాలోకి ఆ అమ్మాయి నిరుడు వానాకాలంలో వచ్చింది. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఒంటరి మనిషి. మొగుడు కొట్టేవాడనీ, వదిలేసి వచ్చాననీ, తన కోసం ఎవరొచ్చి అడిగినా ఇక్కడున్నట్టు చెప్పొద్దనీ మొదటిరోజే నా చెయ్యి పట్టుకుని చెప్పింది. ఆ తర్వాత మాట్లాడిందే తక్కువ. ఇది కావాలని గానీ, అది పాడైందని గానీ ఏనాడూ అనలేదు. మావారికి చిక్కంతా అక్కడే వచ్చింది. అడగని మనిషిని సంతోషపెట్టేదెలా?

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి పైకి వెళ్లిన అమ్మాయి, ఉత్త కాళ్లతో కిందికి పరుగెత్తుకొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“పిన్నిగారూ, నేను లేనప్పుడు ఇంట్లోకి ఎవరో వస్తున్నారండీ.”

“అయ్యయ్యో, ఏం పోయిందమ్మా?”

“ఏమీ పోలేదు. మొన్న వంటింటి కుళాయి కారడం ఆగిపోయింది. తర్వాత కుర్చీ కాలు ఊగడం మానేసింది. ఇవాళ బీరువా తలుపు కిర్రుమనలేదండీ. ఎవరో నూనె వేశారు.”

నాకు నవ్వొచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే మావారు తేలు కుట్టిన దొంగలా పేపర్లో తల దూర్చేశారు. ఇంటివాళ్ల దగ్గరుండే తాళంచెవితో ఈయన చేస్తున్న ఘనకార్యం నాకప్పుడు అర్థమైంది. చెప్పేద్దామని నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి మళ్లీ అంది.

“మా ఆయన అంతేనండీ. కొట్టిన మర్నాడు ఇంట్లో ఏదో ఒకటి బాగుచేసేవాడు. చేతికి కట్టు కట్టుకుని నేను పడుకుంటే, నా పక్కనే కూర్చుని ఈల వేసుకుంటూ ఫ్యాను రిపేరు చేశాడు. ఇల్లు కనిపెట్టేశాడు పిన్నిగారూ. నన్ను చంపేస్తాడు.”

మావారు లేచి నిలబడ్డారు. నిజం చెప్పేస్తారనే అనుకున్నాను.

“భయపడకమ్మా, నేనున్నాగా. రేపే మంచి తాళం తెచ్చి బిగిస్తా. పైసా ఇవ్వక్కర్లేదు.”

ఆ అమ్మాయి రెండు చేతులూ జోడించింది. “మీరున్నారు కాబట్టి బతికున్నా బాబాయిగారూ” అని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆమె పైకి వెళ్లగానే మావారి మీద విరుచుకుపడ్డాను. “చెప్పెయ్యచ్చుగా! ఆ పిల్ల వణికిపోతోంది.”

“చెబితే రేపే ఖాళీ చేస్తుంది. తాళం మార్చాక నేనెలాగూ వెళ్లను. వెళ్లనప్పుడు భయమేముంది? ఒట్టు.”

ఆ లెక్క నాకూ బాగానే ఉన్నట్టు తోచి ఊరుకున్నాను.

పాత గడియ ఊడబీకి ఈయన బిగించిన కొత్త తాళం తలుపులోనే ఇమిడిపోయే రకం. మనిషి లోపలుండి వేసుకున్నా, బయట వేసి వెళ్లినా ఒకేలా కనపడుతుంది. రెండు తాళంచెవులు ఆ అమ్మాయి చేతిలో పెట్టి వచ్చారు. అలాంటి తాళాలకి మూడు చెవులొస్తాయని నాకేం తెలుసు? ఫ్యాక్టరీలో ఏ తాళం బిగించినా ఒక చెవి ఫిట్టరు దగ్గరే ఉండేదట. ఆ అలవాటు చొప్పున మూడోది ఈయన జేబులోకి వెళ్లిపోయింది.

తీరా చూస్తే ఈయన పనితనమే ఈయన్ని కాటేసింది. తాళం బిగించినప్పటి నుంచి ఆ తలుపు నేలకి రాసుకోవడం మొదలుపెట్టింది. తెరిచినప్పుడల్లా గర్రుమనే చప్పుడు కింద మా వంటింట్లోకి వినపడేది. కంచం ముందు కూర్చున్న మనిషి పళ్లు కొరికేవారు. ఒకరోజు ఉండబట్టలేక మెట్ల దగ్గర ఆ అమ్మాయిని ఆపి, తలుపు అడుగు కాస్త చిత్రిక పట్టి అరగదీయనా అని అడిగారు.

“వద్దు బాబాయిగారూ. అలాగే ఉండనివ్వండి. ఎవరైనా తెరిస్తే నాకు తెలుస్తుంది.”

లోపలికొచ్చి, “మొహమాటం పిల్ల” అన్నారు.

నిన్న పొద్దున నేను కూర తరుగుతున్నాను. పాలు తెస్తానని మావారు బయటికెళ్లారు. ఫోను మోగింది. పై వాటా అమ్మాయి. గొంతు గుసగుసగా ఉంది.

“పిన్నిగారూ, జ్వరం వచ్చి ఇవాళ ఇంట్లోనే ఉండిపోయా. తలుపు దగ్గర ఎవరో ఉన్నారు. తాళం తిప్పుతున్నారు.”

కత్తిపీట వదిలేసి లేచాను.

“బాబాయిగారిని పంపండి, తొందరగా. నా చేతిలో బాత్రూం యాసిడ్ ఉంది. మూత తీసేశా. లోపలికొస్తే మొహం మీద పోసేస్తాను.”

“పోయకు! అమ్మా, అది మీ బాబా...” అంటున్నాను, ఫోనులో తలుపు గర్రుమంది. ఫోను కింద పడ్డ చప్పుడు. ఆ తర్వాత నా మాట వినేవాళ్లు లేరు.

మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలీదు. ఒకసారి జారి పడి, చేతుల మీద లేచి, “పోయకే తల్లీ, పోయకే” అని అరుస్తూ ఎక్కాను. మావారి కళ్లు, ముక్కు, గెడ్డం కరిగిపోయినట్టు ఒకటే ఊహ. కాళ్ల కింద మెట్లు తరగడం లేదు.

తలుపు సగం తెరుచుకుని ఉంది. మావారు గోడకి కరుచుకుపోయి నిలబడ్డారు. ఒక చేతిలో చిత్రిక, ఇంకో చేతిలో తాళంచెవి. ఎదురుగా ఆ అమ్మాయి సీసా పైకెత్తి పట్టుకుంది. వంగిన సీసాలోంచి యాసిడ్ చిందుతోంది. చిందిన చోటల్లా నేల బుసబుసా పొంగుతోంది.

“తలుపు రాస్తోందమ్మా” అన్నారు మావారు. “అంతే. ఇంకేం లేదు.”

ఆమె చెయ్యి దించలేదు.

“కుళాయి?”

“నేనే.”

“కుర్చీ? బీరువా?”

“నేనేనమ్మా. నీకు సుఖంగా ఉంటుందని...”

“నేను మీ ఇంటికొచ్చి ఏడ్చానే, ఆ రోజు కూడా మీకు తెలుసా?”

మావారు చేతిలోని చిత్రిక వైపు చూశారు. ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. సీసా నెమ్మదిగా బల్ల మీద పెట్టి, ముందుకొచ్చి ఆయన చేతిలోంచి తాళంచెవి తీసుకుంది. ఇంకో తాళం తెచ్చి బిగిస్తానని ఈయన గొణిగారు. అక్కర్లేదంది.

సాయంత్రానికి తనే ఎవర్నో పిలిపించుకుని తాళం మార్పించుకుంది. అతను వెళ్లిపోయాక నేను గుండె చిక్కబట్టుకుని పైకి వెళ్లాను. ఆమె తలుపు కొద్దిగా తెరిచి ఆ సందులోంచే మాట్లాడింది.

“ఖాళీ చేస్తావా అమ్మా?”

“ఎక్కడికెళ్లమంటారు పిన్నిగారూ?” అంది. గొంతులో కోపం కూడా లేదు. “ఎక్కడికెళ్లినా ఇంటివాళ్లు మీలాగే మంచివాళ్లుంటారు కదా.”

తలుపు మూసుకుంది. నేను కిందికి వచ్చి కూర్చునేసరికి పైన బరువుగా ఏదో ఈడుస్తున్న చప్పుడు మొదలైంది. బల్ల తెచ్చి తలుపుకి అడ్డం పెట్టుకుంటోంది. మావారు తలెత్తి కాసేపు విన్నారు.

“ఆ బల్ల కాళ్లకి రబ్బరు ముక్కలు తొడిగితే ఆ పిల్లకి ఈడ్చుకోవడం తేలికవుతుంది” అన్నారు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషిని చూసి నేను భయపడటం అదే మొదటిసారి.