మధ్యలో ఎర్రగీత

హార్లన్ మెకాస్కిల్ యుద్ధం నుంచి తిరిగొచ్చేసరికి మంచు మీద ఎవరో కొత్త గీత గీసేశారు.

అతను వెళ్ళేటప్పుడు ఐస్ హాకీ ఆడే ఆ మంచు రింక్ మీద నీలంగీతలు రెండే ఉండేవి. మన వైపు నుంచి రబ్బరు బిళ్ళని నీలంగీత దాటించి ముందున్నవాడికి కొట్టకూడదు. కర్రతో తోసుకుంటూ మనమే మోసుకెళ్ళాలి. లేదంటే విజిల్, ఆట ఆగిపోతుంది. అలా మోసుకెళ్ళడంలో హార్లన్ గట్టివాడు. వెనక కాపలా కాస్తూ, బిళ్ళ దొరకగానే భుజాలతో దారి చేసుకుంటూ పోయేవాడు. దానికే జీతం ఇచ్చేవాళ్ళు. అతను ఇటలీలో ఉండగా రింక్ మధ్యలో ఎర్రగీత వచ్చింది. ఇప్పుడు మన వైపు నుంచి అక్కడిదాకా కొట్టేయొచ్చు. ఆట పరుగందుకుంది. ఆ కబురు అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా, అప్పట్లో వినే తీరిక లేదు.

అక్కడ అతని పని మందుపాతరలు వెతకడం. నేలని గుచ్చి గుచ్చి చూసి, భయం లేని దారికి అటూ ఇటూ తెల్ల టేపు పరిచేవాడు. వెనక వచ్చేవాళ్ళు ఆ టేపుల మధ్యే నడవాలి. దాటినవాళ్ళని తర్వాత ఏరుకోవాల్సి వచ్చేది. ఏళ్ళ తరబడి ఆ పని చేసినవాడికి గీత కనిపిస్తే కాళ్ళు వాటంతటవే ఆగుతాయి. నడుంనొప్పి అయితే డాక్టరుకి చూపించుకోవచ్చు. దీన్ని ఎవరికి చూపించాలో తెలీదు.

ఆ అక్టోబర్లో జట్టు ఎంపికలు జరుగుతున్నాయి. కోచ్ క్లెమ్ డూసెట్ ఒకప్పుడు హార్లన్ పక్కనే ఆడినవాడు, ఇప్పుడు పొట్ట పెంచాడు. చోటు దొరక్కపోతే హార్లన్ సడ్‌బరీ వెళ్ళి నికెల్ గనిలో దిగాలి. మామగారు అక్కడ మాట్లాడి ఉంచారు కూడా. దిగాలని హార్లన్‌కి లేదు. నేలతో అతనికి ఈ జన్మకి సరిపడా పరిచయం అయింది.

వారమంతా అదే తంతు. బిళ్ళ దొరకడం, ముందు వరసలో ఆడే లైల్ ఫెడోరుక్ ఇటు కొట్టమని ఎర్రగీత దగ్గర కర్రతో మంచుని టకటకా కొట్టడం, హార్లన్ మాత్రం నీలంగీత దాకా మోసుకుపోవడం, ఈలోగా ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి అతన్ని రింక్ అంచున ఉన్న చెక్కగోడకి అతికించడం. లైల్‌కి ఇంకా గడ్డం సరిగ్గా రాలేదు. ముప్పై దాటినవాళ్ళందరూ వాడికి తాతలే. ఇంటికి తీసుకెళ్ళి ఫ్రేము కట్టించుకుంటావా ఆ బిళ్ళని, అని రోజూ అడిగేవాడు.

చివరి రోజు జట్టులోవాళ్ళే రెండు పక్షాలై ఆడారు. ఎవరు ఉంటారో, ఎవరు పోతారో ఆ ఆటతో తేలిపోతుంది. ఆట మూడో భాగానికి వచ్చేసరికి హార్లన్ తొడలు తడి ఇసుక మూటల్లా అయ్యాయి. మూల నుంచి బిళ్ళ అతని కర్రకి వచ్చి తగిలింది. మోసుకెళ్ళే ఓపిక లేదు. అంతే, అందులో తెలివేం లేదు. తలెత్తి కొట్టేశాడు. బిళ్ళ నీలంగీత దాటి, ఇద్దరి మధ్య నుంచి దూరి, నేరుగా లైల్ కర్ర మీద వాలింది. అంత చక్కటి పాసు ఆ వారంలో ఎవరూ ఇవ్వలేదు.

ఇచ్చి, హార్లన్ ఆగిపోయాడు. కర్ర దించి, నడుం మీద చెయ్యేసి, విజిల్ కోసం చూస్తూ నిలబడ్డాడు.

విజిల్ రాలేదు. లైల్ కొట్టినదాన్ని గోల్‌కీపర్ ఆపేశాడు. బిళ్ళ తిరిగొచ్చింది. అవతలివాళ్ళు హార్లన్ పక్కనుంచే, స్తంభాన్ని చుట్టినట్టు చుట్టి పోయి, గోల్ కొట్టారు.

లైల్ చేతితొడుగు తీసి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని పొడుగ్గా ఈల వేశాడు.

"ఇదిగో తాతా, ఊదేశాను. ఇంక కదులు."

అందరూ నవ్వారు. హార్లన్‌కీ నవ్వొచ్చింది. క్లెమ్ మాత్రం నవ్వలేదు.

ఆట అయ్యాక బట్టల గదిలో క్లెమ్ వచ్చి బల్ల మీద పక్కనే కూర్చున్నాడు. కాసేపు హార్లన్ మోకాళ్ళ గురించి, ఇంట్లోవాళ్ళ గురించి అడిగాడు. మోకాళ్ళ గురించి రెండోసారి అడిగేసరికి హార్లన్‌కి అర్థమైపోయింది.

"చెప్పెయ్ రా," అన్నాడు.

"చేతులు అవే చేతులు. కానీ గీత దగ్గర నువ్వు ఆగుతావు. అది మానేదాకా నేను ఆగలేను."

"మానుతుందంటావా?"

"నాకేం తెలుసు? నేను యుద్ధానికి పోలేదుగా." క్లెమ్ బూట్ల వైపు చూసుకున్నాడు. "ఫోర్ట్ విలియంలో మన చిన్న జట్టుంది. జీతం తక్కువ, చలి ఎక్కువ. క్రిస్మస్ దాకా ఆడు. తర్వాత చూద్దాం."

"అక్కడా ఎర్రగీత ఉందా?"

"అన్నిచోట్లా ఉంది రా."

గని కాదు. దాంతో గుండెల మీద బరువు కొంత దిగింది. కానీ మళ్ళీ మొదటి నుంచీ అంటే ఒళ్ళంతా నీరసం కమ్మింది. రైలు సాయంత్రం. హార్లన్ విప్పిన స్కేట్లని మళ్ళీ కట్టుకున్నాడు. లైల్ అప్పటికి తల తుడుచుకుంటున్నాడు. వచ్చి ఎర్రగీత దగ్గర నిలబడమని హార్లన్ అడిగాడు. ఆకలేస్తోంది అన్నాడు లైల్, చాలాసేపు గొణిగాడు, వచ్చాడు.

హార్లన్ పాసు ఇస్తాడు, ఆగిపోతాడు. లైల్ ఈల వేస్తాడు, అప్పుడు హార్లన్ కదులుతాడు. మళ్ళీ పాసు, మళ్ళీ ఈల. లైల్ పెదాలు ఎండిపోయి ఈల కాస్తా ఉత్తగాలి అయింది. ఒకసారి అదీ రాలేదు. హార్లన్ నీలంగీత దాటి చాలా దూరం వచ్చేశాక, ఈల పడలేదని గుర్తొచ్చి, అప్పుడు ఆగాడు.